నలుపు పడని పెద్దమనిషి

మా పడవల రిపేరు షెడ్డులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. అందరికీ గీకుడక్కే. ఒడ్డుకి లాగి పక్కకి వాల్చిన పడవల అడుగున పట్టిన గుల్లలూ, పాచీ, పెచ్చులు లేచిన పాత రంగూ ఇనప రేకుతో గీకి పారేయటం ఆమె పని. ఇరవయ్యారో ఏట చేరి యాభై ఎనిమిదో ఏటిదాకా గీకింది. నేను అక్కడ స్టోరు గుమస్తాని. రంగు డబ్బాలూ, బ్రష్షులూ, టర్పెంటైనూ నా కిటికీలోంచే బయటికి వెళ్ళాలి. ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాణ్ణి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నన్ను తమ్ముడూ అని పిలిచింది. ఆ పిలుపుకి నేనెంత తగినవాణ్ణో ఈ కథలో ఒకచోట వస్తుంది. దాచను.

బొమ్మలు వేయటం ఆమెకి ఎవరూ నేర్పలేదు. ముప్ఫై దాటిన ఏడు, ఒక పాత చేపల పడవ అడుగు గీకుతుంటే పైన తెలుపు, దాని కింద నీలం, దాని కింద ఎవరో ఎప్పుడో వేసిన ఆకుపచ్చ, దాని కింద ఇటుక ఎరుపు, ఒకదాని కడుపులోంచి ఒకటి బయటపడుతూ వచ్చాయట. భోజనాల గంట కొట్టినా ఆమె లేవలేదు. మేస్త్రి వచ్చి, పడవలో నిధేమైనా దొరికిందా అని వేళాకోళమాడాడు. పొద్దున ఏటి దగ్గర చూసింది ఇక్కడ కనబడుతోంది మేస్త్రీ అంది. మేస్త్రి తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇంటికి కూతవేటు దూరంలోనే ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గాయంటే కనుచూపు మేరా నల్లటి రొంపి బయటపడుతుంది. దాని మీద సన్నటి నీటి పాయలు, అక్కడక్కడ ఉప్పు పేరుకుని తెల్లటి మచ్చలు, దూరంగా గీత గీసినట్టు నురగ. మాబోటి వాళ్ళకి అది కంపు కొట్టే బురద. ఆమె రోజూ పనికి వచ్చేముందు అక్కడికి వెళ్ళి గంటసేపు ఊరికే నిలబడి వచ్చేది.

ఆ పాత పడవ గీకిన సాయంత్రమే నా కిటికీ దగ్గరికి వచ్చి, చిరిగిందని పక్కన పడేసిన తెరచాప గుడ్డ ఒకటీ, డబ్బాల అడుగున గడ్డకట్టబోతున్న రంగులూ అడిగింది. ఎలాగూ పారబోసేవే. ఇచ్చాను. అలా మొదలైంది. ఇంట్లో ముందుగదిలో మంచం ఎత్తి గోడకి నిలబెట్టి, గుడ్డని నేలమీద పరిచి, రంగుని నీళ్ళలా పల్చన చేసి పోసేది. అది ఎటు పారుతుందో చూసేది. సగం ఆరాక, షెడ్డు రేకునే వెదురు కర్రకి కట్టి, గుడ్డ ఈ చివరినుంచి ఆ చివరికి ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగేది. తడి తాడు ఈడ్చేది. ఇసుక చల్లి, ఆరాక దులిపేది. అరికాళ్ళతో తొక్కేది. అంతా అయ్యాక చూస్తే అందులో పడవ ఉండదు, పక్షి ఉండదు, పొద్దుగుంకే సూర్యుడు అసలే ఉండడు. వెనక్కి తిప్పి మాత్రం గుడ్డ పొడవునా పెద్ద అక్షరాలతో రాసేది: ఆటు, తెల్లవారింది, గాలి లేదు. లేకపోతే: పోటు, మబ్బు, వెన్నులో చలి. బొమ్మకి పేరూ అదే, సంతకమూ అదే.

చదువుకున్నవాళ్ళు ఇలాంటివాటిని నైరూప్య చిత్రాలంటారని తరవాత తెలిసింది. మా షెడ్డులో మాత్రం పులుముడు అనేవాళ్ళం. ఒకసారి ఊళ్ళో గ్రంథాలయం హాల్లో స్థానికుల బొమ్మలు పెడితే ఆమె కూడా ఒకటి పెట్టింది. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన చాలాసేపు దాని ముందు నిలబడి, ఇది సముద్రం బొమ్మ కాదమ్మా, సముద్రాన్ని చూసినప్పుడు నీ లోపల ఏమైందో దాని బొమ్మ అన్నాడు. ఆమెకి అందులో వింతేముందో అర్థం కాలేదు. బొమ్మ అన్నాక ఇంకేముంటుంది తమ్ముడూ అని నన్ను అడిగింది.

ఆమెకి నా అన్నవాళ్ళు ఒక్క చెల్లెలే. పంతొమ్మిదేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒకే ఏడు పోతే, పదేళ్ళ చెల్లెల్ని తనే పెంచింది. జడలు వేసి బడికి పంపింది, పరీక్షలప్పుడు పక్కన కూచుని నిద్ర ఆపుకుంది, అన్నీ విచారించి ఫోటోలకీ పటాలకీ ఫ్రేములు కట్టే షాపతనికిచ్చి పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, మా ఇంట్లో మంచం గోడకి నిలబడి ఉంటుంది, వచ్చినాయన ఎక్కడ పడుకుంటాడు అనేది. చెల్లెలు చురుకైన మనిషి. కొన్నాళ్ళకే షాపు తన చేతిలోకి తీసుకుంది. మరిది చెక్క కోసి చట్రాలు బిగిస్తాడు, అద్దాలూ గుడ్డలూ కోయటం చెల్లెలు చూస్తుంది. స్కేలు పెట్టకుండా కోసినా వెంట్రుకవాసి తేడా రాదని ఊళ్ళో పేరు.

గీకుడక్కకి నలభై ఏడేళ్ళప్పుడు ముందుగది నిండిపోయింది. చుట్టచుట్టి నిలబెట్టిన గుడ్డలు తలుపుకి అడ్డం వస్తున్నాయి. ఇక ఆపేద్దామనుకుంటున్నానని ఆమె చెల్లెలితో అంది. చూసేవాళ్ళు లేకుండా ఎన్నాళ్ళని వేస్తాను, గుడ్డకి గుడ్డ దండగ అంది. చెల్లెలు నాలుగు చుట్టలు షాపుకి పట్టుకెళ్ళింది. రెండు నెలల తరవాత ఒక సాయంత్రం నవ్వుతూ వచ్చింది.

"అక్కా, ఒకాయన నీవి కొనుక్కున్నారు. నాలుగూ."

"నాలుగూనా? ఎవరాయన?"

"పెద్ద ఊళ్ళో ఉంటారట. పేరు చెప్పొద్దన్నారు. గోడలు పెద్దవట వాళ్ళింట్లో. ఇంకా ఉంటే పంపమన్నారు."

మర్నాడు గీకుడక్క షెడ్డుకి వచ్చిన తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నడక మారిపోయింది. నా కిటికీ దగ్గర నిలబడి, అడగాల్సిన బ్రష్షు మరిచిపోయి, ఒకాయన చూస్తున్నాడట తమ్ముడూ అంది. కొన్నాడు అనలేదు.

అప్పటినుంచి పదకొండేళ్ళు. ఏడాదికి మూడో నాలుగో గుడ్డలు చెల్లెలి చేతికి వెళ్ళేవి. చెల్లెలు డబ్బు ఎంతిస్తే అంత గీకుడక్క పుచ్చుకునేది, అంతకన్నా అడిగేది కాదు. ఆమెకి కావలసింది ఆ పెద్దమనిషి ఏమన్నాడన్నది. చెల్లెలు మాటలు మోసుకొచ్చేది. ఆ బూడిదరంగు దగ్గర ఆయన చాలాసేపు ఆగారట. పోయినసారి దాంట్లో తాడు గుర్తులు బాగా నచ్చాయట. గీకుడక్క వాటిని నాకు అప్పజెప్పేది. షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. మీ పెద్దమనిషి కులాసానా అని మేస్త్రి రోజూ పలకరించేవాడు. ఆమె కోపం తెచ్చుకోకపోగా, కులాసాయే, కాస్త మోకాళ్ళ నొప్పులు అని జవాబు చెప్పేది. ఆయన్ని తనకి తోచినట్టు తయారు చేసుకుంది. ఆయనకి పెద్ద వయసట. మాటలు తక్కువట. కుర్చీ గోడకి ఎదురుగా వేసుకుని కూచుంటాడట. ఒకసారి ఏటి దగ్గర ఇసుక ఒక చిన్న డబ్బాలో నింపి, ఆయన ఈ చోటు ఎప్పుడూ చూసి ఉండడు, అందజేయమని చెల్లెలికి ఇచ్చింది. చెల్లెలు అలాగే అని పుచ్చుకుంది.

నాలుగో ఏడో ఐదో ఏడో, నేను ఎప్పటిలా డబ్బాల అడుగులు వేరుగా పెట్టి ఉంచితే ఆమె నల్ల డబ్బా వెనక్కి తోసింది.

"ఇది వద్దు తమ్ముడూ. ఆయనకి నలుపు పడదట."

"పడకపోవటానికి ఇదేమైనా మందా అక్కా?"

"కళ్ళకి బరువుగా ఉందన్నారట. పెద్దాయన కదా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నలుపు లేకుండా ఆ రొంపిని ఎలా దింపాలా అని అప్పటికే తలపట్టుకుని ఉంది. ఆరు నెలలు ఒక్క గుడ్డ కూడా పూర్తి చేయలేకపోయింది. తరవాత మెల్లగా నీలాలు, పాలరంగులు, లేత ఆకుపచ్చలు వచ్చాయి. చూడ్డానికి చల్లగా ఉండేవి. ఆమె మాత్రం అప్పుడప్పుడు, రొంపి దగ్గర నిలబడితే ఏదో అబద్ధం ఆడుతున్నట్టుందని అనేది. మళ్ళీ తనే, ఆయన అన్ని బొమ్మలు చూసిన మనిషి, ఊరికే అనడు అని సర్దుకునేది. అలా ఏడేళ్ళు నల్ల డబ్బా ముట్టుకోలేదు.

ఉద్యోగం ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుందనగా ఆమెకి కింది పన్ను పుచ్చిపోయి దవడ వాచింది. ఒకరోజు సెలవు పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మొద్దుబారే సూది వేసి, మందు ఎక్కేదాకా బయట కూచోమన్నారు. బయట ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చేపల తొట్టి, దాని పైన గోడకి మూరెడు పొడవు మూరెడు వెడల్పు బొమ్మ. తెల్ల ఫ్రేములో లేత నీలం.

ముందు ఆమె దాన్ని గుర్తుపట్టలేదు, ఎందుకంటే తలకిందులుగా పెట్టి ఉంది. గుర్తుపట్టింది ఆ గీతని. వెదురు కర్రకి కట్టిన రేకుతో లాగిన గీత. ఆ లాగు ఆమె భుజానికి గుర్తుంది. ఏడడుగుల గుడ్డ మీద ఈ గోడనుంచి ఆ గోడకి, మధ్యలో ఒక్కచోట మడమ జారితే చిన్న వంపు తిరిగి, చివర పాలరంగులో కలిసిపోవాలి. ఇక్కడ ఆ వంపు దాకా వచ్చి ఫ్రేము అంచు దగ్గర తెగిపోయింది.

కౌంటరు దగ్గర కూచున్నమ్మాయి చెప్పగా నేను తరవాత విన్నాను. ఈవిడ లేచి వెళ్ళి, నోట్లో దూదితో, వంకర తిరిగిన పెదవితో, అది ఎక్కడిది అని అడిగిందట. ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, అది సెట్టు అమ్మా, మూడు వస్తాయి, ఒకటి డాక్టరుగారి గదిలో, ఇంకోటి చేతులు కడుక్కునే చోట ఉంది అంది. గోడల రంగుకి కుదిరేవి అడిగితే షాపావిడే ఎంచి ఇచ్చిందంది. గీకుడక్క తనే కుర్చీ ఎక్కి ఫ్రేము దించి వెనక్కి తిప్పింది. అట్ట అంచు ఒకటి ఊడి ఉంది. దాని కింద గుడ్డ మీద ఆమె చేతి రాత, మూడు అక్షరాలు. గాలి లే. ఆ పక్కన గుడ్డ లేదు.

పన్ను పీకించుకోకుండానే లేచి వచ్చేసింది. తిన్నగా షెడ్డుకి, నా కిటికీ దగ్గరికి. మాట ముద్దగా వస్తోంది, కళ్ళు మాత్రం నన్ను గుచ్చుతున్నాయి. జరిగింది చెప్పింది. ఎవరో కోశారు తమ్ముడూ, దాన్ని కోసేశారు అంది.

నేను అయ్యయ్యో అనాల్సింది. అనలేకపోయాను. ఎందుకంటే అంతకు ముందు సంవత్సరం మా బంధువుల పని మీద వెళ్ళి పక్క ఊళ్ళో ఒక లాడ్జిలో దిగినప్పుడు, మంచం తలవైపు గోడ మీద అలాంటిదే ఒక ముక్క చూశాను. తాడు గుర్తులు చూశాను. ఆ పచ్చ నా స్టోరులో డబ్బాదే, ఇంకెక్కడా దొరకని పాత సరుకు. చూసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఆమెతో చెప్పాను. నా నోటితోనే చెప్పాను, అదొక్కటే నాకున్న మర్యాద.

"ఎప్పుడు చూశావు?"

"కిందటేడు అక్కా."

"ఏడాదినుంచి రోజూ నాకు రంగులిస్తున్నావు. చెప్పలేదేం?"

"మీ చెల్లెలి షాపు కదా... అక్కాచెల్లెళ్ళ మధ్య నేనెందుకని ఊరుకున్నాను."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, ఓహో అంది. తిడితే బాగుండేది.

చెల్లెలి ఇల్లు షాపు మీద మేడలో. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో తరవాత ఇద్దరూ నాకు చెప్పారు. ఇద్దరూ ఒకేలా చెప్పారు కాబట్టి అలాగే జరిగి ఉంటుంది. చెల్లెలు వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. అక్క వాపు దవడతో గుమ్మంలో నిలబడింది. పళ్ళ డాక్టరు దగ్గర గోడ మీద నా గుడ్డ ముక్క చూశాను అంది. చెల్లెలి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. గీకుడక్క అప్పటికి దారి పొడవునా ఒకటే ఆలోచించుకుంటూ వచ్చింది. పెద్దమనిషికి పంపాల్సిన గుడ్డల్లో కొన్నిటిని వీళ్ళు కక్కుర్తిపడి ఇక్కడే ముక్కలు చేసి అమ్ముకున్నారని, ఆయన దగ్గర కూడా మాట పోయిందని. అందుకే మొదట అడిగిన మాట అది.

"ఆయనకి తెలుసా?"

"ఎవరికి అక్కా?"

"ఆయనకి. నా బొమ్మ కోశారని ఆయనకి తెలుసా అని అడుగుతున్నాను."

చెల్లెలు గిన్నె బల్ల మీద పెట్టింది. తల ఎత్తలేదు. గీకుడక్కకి తెలిసిపోయింది. గుమ్మం పట్టుకుంది.

"లేడా?"

"అక్కా, కూచో."

"అసలు లేడా?"

"మొదటి నాలుగూ ఎంతమందికి చూపించానో నీకు తెలీదు. ఏడడుగుల గుడ్డ ఎవరింట్లో పడుతుంది అక్కా? ఒక లాడ్జీ ఆయన, చిన్నగా ఉంటే పది తీసుకుంటానన్నాడు. నువ్వేమో ఆపేస్తానన్నావు. ఆపేస్తే నువ్వేమైపోతావో నాకు తెలుసు. నన్ను పెంచిన మనిషివి, నీ కోసం ఆ మాత్రం అబద్ధం ఆడలేనా అనుకున్నాను. ఒకసారి అన్నాక మళ్ళీ మళ్ళీ అనాల్సి వచ్చింది."

గీకుడక్క నలుపు సంగతేమిటని అడిగింది. నల్లవి మిగిలిపోయేవి, పడగ్గదుల్లో ఎవరూ పెట్టుకోరు అని చెల్లెలు చెప్పింది. మరి ఆ బూడిదరంగు దగ్గర ఆగారన్నది? అవి నా మాటలే అక్కా అంది. ఇసుక ఏం చేశావు అని అడిగింది. చెల్లెలు కిటికీలో ఉన్న పూలకుండీ వైపు చూసింది. అప్పుడు గీకుడక్క వెనక్కి తిరిగి మెట్లు దిగింది. మెట్ల మలుపులో మరిది ఎదురై, వదినగారూ, భోజనం చేసి వెళ్ళండి అన్నాడట, పాపం, ఏం జరిగిందో తెలియక.

డబ్బు దగ్గర వాళ్ళు ఆమెకి అన్యాయం చేయలేదు. అది ఆమే చెప్పింది. డబ్బు తిన్నా ఇంత బాధ ఉండేది కాదంది. ఏడేళ్ళు నా కళ్ళని లాడ్జీ గోడలకి తాకట్టు పెట్టింది, నాకు తెలియకుండా అంది.

ఆ నాలుగు నెలలూ పనికి వచ్చి గీకింది, వెళ్ళింది. ఏటివైపు వెళ్ళటం మానేసింది. నా కిటికీకి రావటం మానేసి, రేకు కావాలంటే పక్కవాళ్ళ చేత అడిగించేది. తమ్ముడూ అనే మాట నాకు వినపడి ఎన్నాళ్ళో అయింది. పని విరమించిన రోజున అందరికీ చెప్పి నాకూ చెప్పింది, వస్తానండీ అని. ఆ అండీ నా గుండెల్లో ముల్లులా దిగింది.

నేనే ఇంటికి వెళ్ళాను. కోసినవాటిలో ఒక్కటైనా పూర్తిగా చూసుకోవాలని లేదా అని అడిగాను. ఎక్కడెక్కడున్నాయో నేను కనుక్కుంటానన్నాను. ఆమె ఆ రోజు అవుననలేదు, కాదనలేదు. వారం తరవాత తనే మా ఇంటికి వచ్చి, ఆ పళ్ళ డాక్టరుది, గాలి లేదు అన్నది, అది చూడాలంది. మరిది దగ్గర ఎవరికి ఏ సెట్టు అమ్మిందీ రాసి ఉంది. అతను తల దించుకుని ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. ఆ ఒక్క గుడ్డే మొత్తం తొమ్మిది ముక్కలు. పళ్ళ డాక్టరు దగ్గర మూడు. ఒక కంటి ఆస్పత్రిలో రెండు, బస్టాండు దగ్గర లాడ్జిలో మూడు, ఒకటి ఎవరో కొనుక్కుని ఊరు మారిపోయారు.

రెండు రోజులు తిరిగాం. ఆమె ఒక్కో ముక్క ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, తెరిచి, తరవాతి చోటికి నడిచేది. మధ్యలో మనసులో ఏం కుట్టుకుంటోందో నాకు తెలియదు. కంటి ఆస్పత్రివాళ్ళు ఒకటి నిలువుగా వేలాడేశారు. ఆమె నర్సుని అడిగి, అడ్డంగా తిప్పి పెట్టింది. మేము మెట్లు దిగేలోపే ఎవరో దాన్ని మళ్ళీ నిలువుగా పెట్టి ఉంటారు. లాడ్జిలో రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి. మేనేజరు మంచివాడు, తాళాలు తీసి చూపించాడు. మూడో గదిలో మనిషి ఉన్నాడు. మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఆయన, మంచం అంచున కూచుని బూట్లు వేసుకుంటున్నాడు. మేనేజరు విషయం చెబితే, దానికేముంది, రండి అన్నాడు. ముక్క అతని తల వెనకే ఉంది. గీకుడక్క దాన్ని చూసి, అతన్ని చూసి, మీరీ గదిలో ఎన్నాళ్ళనుంచి ఉన్నారని అడిగింది.

"ఆరు రోజులైందండీ. ఎప్పుడొచ్చినా ఇదే గది ఇస్తారు."

"ఆ బొమ్మ ఎలా ఉంది?"

"ఏ బొమ్మండీ?" అని అతను వెనక్కి తిరిగాడు. తిరిగి చూసి, మొహమాటపడి, ఉందని గమనించలేదండీ, బాగుంది అన్నాడు.

ఆమె అతనికి దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. మెట్ల దగ్గర, చాలు తమ్ముడూ, ఇంటికి పోదాం అంది. నన్ను మళ్ళీ అలా పిలిచినందుకు సంతోషించే స్థితిలో లేను.

వానలు వెనకపట్టాక ఆమె మళ్ళీ పొద్దున్నే ఏటికి వెళ్ళటం మొదలుపెట్టింది. రంగులు ఇప్పుడు షెడ్డువి కావు, బజార్లో కొనుక్కోవాలి. మొదట కొన్నది నలుపు. ఆ ఏడాది వేసినవి చూస్తే నాకే భయం వేసింది. రొంపి గుడ్డ మీదికి నడిచి వచ్చినట్టుండేవి. వాటిలో దారి తప్పిన నీటి పాయ ఒకటో రెండో తప్ప వెలుగు లేదు. చెల్లెలు రెండు మూడుసార్లు వచ్చి బతిమాలింది. మరిది, ఈసారి కొయ్యకుండా, పూర్తివే హాలు తీసుకుని పెడదామన్నాడు. వద్దు అంది, అంతే. వాళ్ళు వచ్చినప్పుడు వసారాలో కూచోబెట్టి టీ ఇచ్చేది. ముందుగది తలుపు గొళ్ళెం పెట్టి ఉండేది.

ఆమెకి జరిగిన నష్టం ఎంతటిదో నాకు తెలిసింది ఆ తరవాత ఏడు. పెద్ద ఊరినుంచి బొమ్మల కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ వచ్చింది. కంటి ఆస్పత్రికి తల్లిని తీసుకొచ్చి, అక్కడి ముక్కలు చూసి, ఇవి ఏదో పెద్దదానిలోవి అని కనిపెట్టి, నర్సుని అడిగి, నర్సు నన్ను చూపిస్తే నా దగ్గరికి వచ్చింది. నేను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. గీకుడక్క ఎందుకో తలుపు తీసింది. ఆవిడ నేలమీద పరిచిన నల్ల గుడ్డ పక్కన చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, అంచు వెంబడి నెమ్మదిగా చుట్టూ తిరిగింది. చివరికి, ఈ నీటి పాయ దగ్గర మీరు చాలాసేపు ఆగారు కదూ అంది.

గీకుడక్క మొహం బిగుసుకుపోయింది.

"మా చెల్లెలు పంపిందా మిమ్మల్ని?"

"మీ చెల్లెలా? ఆవిడెవరో నాకు తెలీదండీ."

"తాడు గుర్తులు కూడా నచ్చాయా?"

ఆవిడ తెల్లబోయి నా వంక చూసింది. నేను చెప్పబోయాను. గీకుడక్క చెయ్యి అడ్డం పెట్టింది. మీరు మంచివాళ్ళే అయి ఉంటారు, నాకిప్పుడు ఎవరు ఏమన్నా వెనకాల ఇంకొకరి గొంతే వినబడుతోంది, ఏమీ అనుకోకండి అని తలుపు దాకా వచ్చి సాగనంపింది. ఆవిడ చిరునామా ఇచ్చి వెళ్ళింది. నేను రెండు నెలలు పోరాను. ఆ కాలేజీకి వెళ్ళి, ఆవిడ నిజంగా అక్కడ పంతులమ్మేనని కళ్ళారా చూసి వచ్చి చెప్పాను. కావచ్చు అంది. ఆ కాగితం ఆమె చింపలేదు. ఆవిడకి రాయనూ లేదు.

ఇప్పుడామెకి అరవై మూడు. మోకాళ్ళు సహకరించక, వంగి వేయటం మాని, గుడ్డని గోడకి కొట్టి కర్రతో వేస్తోంది. అమ్మదు, ఎక్కడా పెట్టదు. గది నిండితే నాలుగు చుట్టలు మా ఇంట్లో అటక మీద పెట్టించింది. నేను వాటిని విప్పి చూడను. చూడమంటే చూస్తాను.

మొన్న బజార్లో చెల్లెలు కనబడింది. కొంచెం దూరం కలిసి నడిచాం. అక్క ఆరోగ్యం అడిగింది, కాళ్ళకి నూనె రాసుకుంటోందా అని అడిగింది. మలుపు దగ్గర ఆగి, ఎవరితోనూ అనని మాట ఒకటి నాతో అంది.

"పదకొండేళ్ళూ అక్క బొమ్మల్ని నాకన్నా ఎక్కువ చూసినవాళ్ళు లేరండీ. ఎక్కడ కొయ్యాలో తెలియక ఒక్కోదాని ముందు రోజుల తరబడి నిలబడేదాన్ని. ఏ ముక్కా చచ్చిపోకూడదని. బూడిదరంగు దగ్గర ఆగింది నేనే. అది అబద్ధం కాదు."

కళ్ళు తుడుచుకుని సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఒకసారి నోరు మూసుకున్న పాపానికి ఇంతైంది కనుక, ఈసారి తిన్నగా గీకుడక్క ఇంటికే వెళ్ళి ఆ మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆమె వసారాలో కూచుని రేకుకి పట్టిన రంగు టర్పెంటైనుతో కడుగుతోంది. అంతా విన్నది. చెయ్యి ఆపలేదు. రేకుని గుడ్డతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసుకుని, నావైపు తిరిగింది.

"అంత చూసిన మనిషికి," అంది, "కొయ్యటానికి చెయ్యెలా వచ్చింది తమ్ముడూ?"

ఇంకాసేపు కూచుని వచ్చేశాను.